మరణానుస్మృతి ఆడియో కోర్సు: ఒక ఐసీయూ నర్సు అభిప్రాయం

నేను ఐసీయూ నర్సుని. ప్రాణం పోయిన టైము రాసి, లైన్లు తీసేసి, పక్క బెడ్డు దగ్గరికి వెళ్లిపోవడం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు చూసి నాకే భయం వేశాక, మరణానుస్మృతి, అంటే చావును తలచుకునే బౌద్ధ ధ్యానం, నేర్పే ఈ కోర్సు తీసుకున్నాను. చావు గురించి మాకు కొత్తగా చెప్పేదేముంటుంది అనుకునే డాక్టర్లూ నర్సులూ బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడి మీద ఉన్న పాఠం తప్పకుండా వినండి.

5వ శతాబ్దంలో ఆయన రాసిన విశుద్ధిమగ్గం అనే గ్రంథంలో 40 ధ్యాన విషయాలున్నాయి, మరణానుస్మృతి వాటిలో ఒకటి. ఎలా చేయకూడదో ఆయన ముందే చెప్పేస్తాడు. సరైన తీరు తెలియకుండా తలచుకుంటే అయినవాళ్ల చావు శోకం తెస్తుంది, పగవాడి చావు సంతోషం తెస్తుంది, తన చావు భయం తెస్తుంది. ఏ సంబంధమూ లేనివాళ్ల చావు తలచుకుంటే మాత్రం మనసు కదలనే కదలదట, శవాలను చూసే కాటికాపరికి లాగా. అక్కడ ఆడియో ఆపి చాలాసేపు కూర్చున్నాను. నా ఉద్యోగం గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. దారి కూడా ఆయనే చూపిస్తాడు: ఒకప్పుడు సిరిసంపదలతో బతికి పోయినవాళ్లను తలచుకుని, 'మరణం వస్తుంది, ప్రాణం తెగిపోతుంది' అని ఎరుకతో, సంవేగంతో మననం చేయాలి. ఈ పాఠం చెప్పినావిడ గొంతులో ఎక్కడా నాటకీయత లేదు. సంవేగమంటే బెంబేలు పడటం కాదని, చేయాల్సింది వాయిదా వేయలేని స్థితి అని ఓపికగా విడమరిచారు.

బుద్ధుడి బోధల సంకలనమైన అంగుత్తర నికాయంలోని మరణస్మృతి సూత్రం మీద పాఠం కూడా బాగుంది. నాదిక అనే ఊళ్లో బుద్ధుడు అడిగితే భిక్షువులు ఒక్కొక్కరే తమ సాధన చెబుతారు. ఒక రాత్రీ పగలూ బతికితే చాలని ఒకరు, ఒక పగలని ఒకరు, ఒక పూట భోజనం చేసేంతసేపని ఒకరు, నాలుగైదు ముద్దలు తినేంతసేపని మరొకరు. వీళ్లంతా ఏమరుపాటులో ఉన్నారంటాడు బుద్ధుడు. ఒక్క ముద్ద నమిలి మింగేంతసేపు, ఒక్క ఊపిరి తీసి వదిలేంతసేపు అన్న చివరి ఇద్దరినే మెచ్చుకుంటాడు. వెంటిలేటర్ పక్కన నిలబడేవాళ్లకు ఆ ఊపిరి లెక్క ఎవరూ వివరించక్కర్లేదు.

శ్మశానంలో శవం 9 దశల్లో శిథిలమవడాన్ని, 'ఈ శరీరమూ అలాంటిదే' అని చూసే సతిపట్ఠాన (ఎరుకను నిలిపే సాధన) భాగం క్లుప్తంగా, సరిగ్గా ఉంది. చావుకీ మరుజన్మకీ మధ్య 49 రోజుల దాకా ఉంటుందని టిబెటన్లు చెప్పే బార్దో స్థితి సంగతి మాత్రం హడావుడిగా ముగించేశారు. అది వినకపోయినా నష్టం లేదు.

నాకు నచ్చనిది మొదటి పాఠం. కళ్లు మూసుకుని మీకు అత్యంత ఇష్టమైన మనిషి చనిపోయినట్టు ఊహించుకోమంటారు, వెనక వయొలిన్. బుద్ధఘోషుడు వద్దన్నది సరిగ్గా ఇదే కదా! ఈమధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. ముందు హెచ్చరిక కూడా లేదు. దయచేసి ఈ పాఠాన్ని తీసేయండి, కనీసం చివరికి జరపండి.

వినేవాళ్లకు నా సలహా: మొదటిది వదిలేసి బుద్ధఘోషుడితో మొదలుపెట్టండి, తర్వాత సూత్రం, ఆ తర్వాత శ్మశాన ధ్యానం. పాఠానికీ పాఠానికీ మధ్య కొన్ని రోజులు విరామం ఇవ్వండి. డ్యూటీ దిగిన వెంటనే మాత్రం వినకండి, నిద్రపోయి లేచాక వినండి.