చవక సైకిలు, కాటర్ పిన్ను గోడు

గేర్లు లేని చవక సైకిలు కొనవచ్చా అని అడిగేవారు సాధారణంగా ఫ్రేము గురించో, టైర్ల గురించో అడుగుతారు. 2021 నుంచి అలాంటి సైకిలునే తొక్కుతున్న నన్ను అడిగితే మాత్రం, క్రాంకును, అంటే పెడలు బిగించే కడ్డీని, మధ్యలోని యాక్సిలుకు పట్టి ఉంచే, చిటికెన వేలంత కూడా లేని ఒక ఇనుప ముక్క గురించే ముందు చెబుతాను. దాని పేరు కాటర్ పిన్ను. ఈ సైకిలు మీద నాకున్న కోపంలో ముప్పాతిక వంతు దాని మీదే.

నా దారి అజిత్‌సింగ్ నగర్ నుంచి గవర్నర్‌పేటకు, తిరిగి ఇంటికి. కొండల వైపు వెళ్లనంత వరకు విజయవాడ చదునైన ఊరు కాబట్టి ఒక్క గేరు చాలునని కొన్నాను, ఆ లెక్క చాలావరకు నిజమే అయింది. నా సైకిలుకు పెడళ్ల దగ్గరి పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్లు ఉన్నాయి. 26 అంగుళాల టైరుతో పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు ఐదు మీటర్లు ముందుకు పోతుంది. సమతలం మీద ఇది హాయిగా ఉంటుంది. కానీ సింగ్ నగర్ వాసులకు ఊళ్లోకి రావాలంటే రైలు పట్టాల మీదుగా వెళ్లే ఫ్లైఓవర్ ఒకటి ఉంది కదా, ఎక్కుడు మొదలైన కాసేపటికే సీటు వదిలి నిలబడి తొక్కక తప్పదు. మనిషి బరువంతా ఒక్కో పెడలు మీద పడే ఆ నాలుగు నిమిషాలే ఈ పిన్నుకు అసలు పరీక్ష.

ఏటవాలుగా, ఒక వైపు చదునుగా ఉండే ఈ పిన్నును క్రాంకు కంతలోంచి దూరిస్తే, దాని చదును భాగం యాక్సిలుకు ఉన్న గాడిలో కూర్చుంటుంది. మనం తొక్కే ప్రతి తొక్కూ ఆ చిన్న చదును మీదుగానే యాక్సిలుకు అందాలి. చవక సైకిళ్లకు వచ్చే పిన్నులు మెత్తటి ఇనుముతో చేసినవి కావడం వల్ల కొన్నాళ్లకు ఆ చదును నలిగి, క్రాంకులో వెంట్రుకవాసి వదులు పుడుతుంది. ఆ వదులే పెడల్ తిరిగినప్పుడల్లా ‘టక్’ మని వినిపిస్తుంది.

నాకు ఆ చప్పుడు కొన్న ఏడాదిలోపే మొదలైంది. కొన్న దుకాణానికి తీసుకెళ్లిన ప్రతిసారీ అక్కడి కుర్రవాడు స్పానరుతో నట్టు ఇంకాస్త బిగించి, ‘అయిపోయింది సార్’ అని పంపేసేవాడు. రెండు రోజులు నిశ్శబ్దంగా ఉండి మూడో రోజు మళ్లీ టక్కుటక్కుమనేది. చివరికి ఒక సాయంత్రం ఇంటికి వస్తూ ఫ్లైఓవర్ ఎక్కుడులో నిలబడి తొక్కుతుండగా ఎడమ కాలు ఉన్నట్టుండి కిందికి దిగబడిపోయింది. నట్టు ఎక్కడో రాలిపోయింది, పిన్ను సగం బయటికి వచ్చింది, రెండు పెడళ్లూ ఒకే వైపు వేలాడుతున్నాయి. నేను ముందు కడ్డీ మీద పడి, వెనుక ఆటోవాళ్ల హారన్ల మధ్య ఎలాగో పక్కకు జరిగాను. చైను, చక్రాలు అన్నీ బాగున్నా తొక్కడానికి వీల్లేని సైకిలును పైదాకా తోసుకెళ్లి, అక్కడి నుంచి కాళ్లు వేలాడేసుకుని సింగ్ నగర్ వైపు జారుకుంటూ దిగాను.

దిగిన చోట గొడుగు కింద, చెక్కపెట్టె ముందు పెట్టుకుని కూర్చునే ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన పిన్నును బయటికి తీసి నా అరచేతిలో పెట్టారు. చదునుగా ఉండాల్సిన వైపు మధ్యలో మెట్టులా అరిగి, అక్కడ మాత్రం కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తోంది. ‘ఇది నట్టుతో ఆగేది కాదు సార్, ముందు దెబ్బ పడాలి. నట్టు ఉన్నది పిన్ను వెనక్కి రాకుండా ఉండటానికే’ అన్నారు. కొత్త పిన్ను చదునును ఆకురాయితో నాలుగు రాపులు రాపి, దూర్చి, రెండు క్రాంకులూ ఒకే గీతలో ఉన్నాయో లేదో ఒక కన్ను మూసి చూసి, మళ్లీ తీసి ఇంకో రెండు రాపులు రాపారు. రెండు పిన్నులూ ఎదురెదురు దిశల్లో దూర్చకపోతే క్రాంకులు వంకరగా నిలుస్తాయట. ఆ తర్వాత క్రాంకు కింద బరువైన ఇనుప గొట్టం ముక్క ఆన్చి, సుత్తితో గట్టిగా కొట్టి, అప్పుడు నట్టు బిగించారు. కింద ఆనిక లేకుండా కొడితే ఆ దెబ్బంతా లోపలి బేరింగు గోళీల మీద పడుతుందని చెప్పి, రెండు రోజులు తొక్కాక మళ్లీ రమ్మన్నారు. అప్పటికి పిన్ను సర్దుకుని ఇంకాస్త లోపలికి దిగుతుంది కాబట్టి మరోసారి కొట్టాలట. పిన్నుకు, పనికి కలిపి ఆయన తీసుకున్నది టిఫిను ఖర్చుకన్నా తక్కువ. ఆ పని తర్వాత చాలాకాలం చప్పుడు లేదు.

దుకాణంలో సైకిలు బిగించిన రోజునే ఎవరైనా ఇలా కొట్టి ఉంటే ఇదంతా జరిగేదే కాదు. చవక సైకిలు విడిభాగాలుగా దుకాణానికి వస్తుంది, బిగించే కుర్రవాడికి అదే రోజు ఇంకా నాలుగైదు బిగించాల్సి ఉంటుంది. మన రూపాయి ఆదా అయ్యేది చాలావరకు అక్కడే అని నా అనుమానం.

ఈ కోపాన్ని కొంత చల్లార్చింది 2024 సెప్టెంబరు. బుడమేరు వరద మా వీధిలో రోజుల తరబడి నిలిచింది, సైకిలు హ్యాండిల్ దాకా మునిగింది. నీళ్లు తీశాక వీధిలోని మోటారు సైకిళ్లను తాళ్లు కట్టి షెడ్లకు లాక్కెళ్తుంటే, నా సైకిలును అదే పెద్దాయన విప్పి, హబ్బుల్లోంచి, యాక్సిల్ కప్పుల్లోంచి బురద తీసి, కిరసనాయిలుతో కడిగి, కొత్త గోళీలు వేసి, గ్రీజు పూసి ఇచ్చారు. ఒక్క గేరు సైకిలులో చెడిపోయేదేమీ లేదని అందరితో చెప్పుకొన్నది ఆ రోజుల్లోనే. అయితే ఆ మాటకు ఒక సవరణ చేర్చాలి. హబ్బులు తేలికగానే విప్పుకున్నాయి గానీ, కాటర్ పిన్నులు తుప్పు పట్టి క్రాంకులో అతుక్కుపోయాయి. నట్టును చివరి మరల దాకా వదిలి, దాని మీద కొట్టినా కదలక, రాత్రంతా నూనె పోసి ఉంచినా కదలక, చివరికి ఒకదాన్ని డ్రిల్లింగ్ మిషనుతో తొలిచి తీయాల్సి వచ్చింది. నిలవాల్సినప్పుడు నిలవనిది, వదలాల్సినప్పుడు వదలనిది ఇదొక్కటే అని ఆ రోజు మళ్లీ తిట్టుకున్నాను.

ఇనుప రిమ్ములు గట్టివని మొదట్లో మెచ్చుకున్నాను. గుంటల్లో పడినా వంగలేదు, అది నిజమే. కానీ వరద తర్వాత పుల్లల మొదళ్ల దగ్గర పూత లేచి తుప్పు కనిపిస్తోంది. పైగా పూత వేసిన ఇనుప రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరు దాదాపు పట్టదు. వానలో ఫ్లైఓవర్ దిగేటప్పుడు పైనుంచే బ్రేకును తేలిగ్గా ఆన్చి నీటిని తుడుస్తూ రావాలి. అవసరం వచ్చాక పట్టుకుందామనుకుంటే ఆలస్యమైపోతుంది.

ఇప్పుడు కొనేవారికి కొంత వెసులుబాటు ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి, అన్నిటికన్నా చవకదానికీ, కాటర్ పిన్ను అక్కర్లేని (కాటర్‌లెస్) క్రాంకు ఉన్న పై రకానికీ మధ్య తేడాను భరించడం ఇదివరకటికన్నా సులువు. నేనైతే మళ్లీ కొనాల్సి వస్తే ఆ పై రకమే చూస్తాను. కానీ అదీ పూర్తిగా నిశ్చింత కాదు. నలుపలకల యాక్సిలు మీద బోల్టుతో బిగించే ఆ క్రాంకు వదులైనప్పుడు గమనించకుండా తొక్కితే, దాని కంతే గుండ్రంగా అరిగిపోయి క్రాంకునే మార్చాల్సి వస్తుంది. కాటర్ పిన్నులో పోయేది చాలావరకు పిన్ను మాత్రమే. అందువల్ల సుత్తి పట్టడం తెలిసిన మనిషి వీధి చివర ఉన్నంతకాలం చవక సైకిలే లాభమని ఒప్పుకోక తప్పదు. అలాంటివారు ఏటేటా తగ్గిపోతున్నారు. మా పెద్దాయన కూడా ఈ మధ్య సాయంత్రాలు మాత్రమే కూర్చుంటున్నారు.

నా ఇల్లు కింది అంతస్తు, నా పని దూరం తక్కువ, దారిలో ఎక్కుడు ఒక్కటే. బెంజి సర్కిల్ అవతల కానూరు దాకా రోజూ కాలేజీకి వెళ్లాలనుకుంటున్న మా అక్క కొడుక్కి మాత్రం ఇది వద్దనే చెప్పాను. బజారు పనులకు, పిల్లల ట్యూషనుకు, స్టేషను దాకా వెళ్లి రావడానికి అయితే కొనవచ్చు. కొన్న రోజునే, ఇంటికి తెచ్చే ముందు, ఎవరైనా పాత మెకానిక్కు దగ్గర ఆపి రెండు పిన్నులనూ ఒకసారి కొట్టించుకోవాలి.