ముసలి కుక్క కీళ్ల నొప్పికి ఏది మేలు: మాత్రా, పౌడరా, ఇంజెక్షనా, బరువు తగ్గించడమా?

"మా కుక్కకి పదేళ్లు దాటాయి. పొద్దున్నే లేవడానికి అవస్థ పడుతోంది. ఏ పౌడర్ వాడమంటారు?" మా లాబ్రడార్ బుజ్జికి తుంటి కీళ్లు అరిగాయని ఎక్స్‌రేలో తేలిందని తెలిసిన దగ్గర్నుంచి తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. అందరూ పౌడర్‌తోనే మొదలుపెడతారు. అది చివర్లో చూసుకోవలసిన సంగతి అని నేనంటాను. ఎందుకో ఒక్కొక్కటీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

అరిగిన మృదులాస్థి (కీళ్లలో ఎముకల చివర్లని కప్పే కార్టిలేజ్) తిరిగి పెరగదని మీకు డాక్టరు చెప్పే ఉంటారు. కాబట్టి నొప్పి ఎంత తగ్గుతుంది, కుక్క తన కాళ్ల మీద తను ఎన్నాళ్లు తిరగగలుగుతుంది అన్నవే మనం చూసుకోవాల్సిన లెక్కలు.

ముందు మాత్రలు. మెలాక్సికామ్, కార్‌ప్రోఫెన్, ఫిరోకాక్సిబ్ లాంటి నొప్పి, వాపు తగ్గించే మందులు. వీటి పేరు చెప్పగానే "రోజూ వేస్తే కిడ్నీలు పోవూ?" అంటారు. ఆ భయం ఉత్తినే పుట్టింది కాదు. ముసలి కుక్కల్లో కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీ, కాలేయం దెబ్బతినొచ్చు. అందుకే మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష, కొన్ని వారాలకి మళ్లీ ఒకటి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన వరసలో చేయిస్తూ ఉండాలి. మాత్ర తిండితో పాటే ఇవ్వాలి. వాంతులైనా, తిండి మానేసినా, విరేచనం తారులా నల్లగా అయినా మాత్ర ఆపేసి వెంటనే డాక్టరుకి ఫోన్ చేయాలి. ఇంకెక్కడైనా స్టిరాయిడ్ ఇంజెక్షన్ వేయించి ఉంటే ఆ సంగతి దాచకండి. స్టిరాయిడ్, ఈ మాత్రలు కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

ఈ జాగ్రత్తలు పాటిస్తే వీటంత నమ్మకంగా, త్వరగా నొప్పి తగ్గించేవి తక్కువ. ఇంకో మేలూ ఉంది. "వయసైపోయింది, అందుకే మందగించింది" అనుకునే కుక్కకి డాక్టరు రెండు వారాలు మాత్ర రాసిచ్చి చూస్తే చాలాసార్లు అసలు సంగతి బయటపడుతుంది. మాత్ర మొదలుపెట్టే ముందు అది లేవడం, నడవడం, రెండు మెట్లెక్కడం ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. రెండు వారాల తర్వాత మళ్లీ తీయండి. తేడా కనిపిస్తే మీరు వయసు అనుకున్నది నొప్పి అని అర్థం. కుక్కలు నొప్పికి అరవడం అరుదు. కారెక్కడం మానేస్తాయి, ఒకే కీలుని పదేపదే నాకుతాయి, ఎప్పుడూ పరిగెత్తుకొచ్చే గుమ్మం దగ్గరికి ఆలస్యంగా వస్తాయి.

మన ఇంట్లోని మాత్రలు మాత్రం ముట్టించొద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపునీ కిడ్నీలనీ బాగా దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కూడా సొంతంగా ఇచ్చే మందు కాదు. మాత్ర ఒక్కటీ చాలకపోతే కొందరు డాక్టర్లు నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ కలుపుతారు. అది సిరప్ రూపంలో కొనేటప్పుడు సీసా మీద జైలిటాల్ అని ఉందేమో చూడండి. ఆ తీపి కుక్కలకి విషం.

ఇక పౌడర్లు. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ ఉన్న డబ్బాలు, నమిలే బిళ్లలు. వీటిని నమ్మేవాళ్ల మనసు నాకు తెలుసు. మందు అనిపించదు, హాని ఉండదు, ఏదో ఒకటి చేస్తున్నామన్న తృప్తి ఉంటుంది. కానీ కుక్కలు, పిల్లుల మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ పోగుచేసి 2022లో ప్రచురించిన ఒక సమీక్ష వీటి వల్ల నొప్పి తగ్గుతున్నట్టు ఆధారం లేదని తేల్చింది. అదే సమీక్షలో మంచి మార్కులు పడింది ఒమేగా-3కి, అంటే చేప నూనెకి. కొనేటప్పుడు డబ్బా మీద ఈపీఏ, డీహెచ్ఏ (ఒమేగా-3లోని రెండు రకాలు) రెండూ కలిపి ఎన్ని మిల్లీగ్రాములో చూడండి, ఆ అంకె డాక్టరుకి చెప్పి మోతాదు అడగండి. కాడ్ లివర్ ఆయిల్ వద్దు, అందులో ఎ, డి విటమిన్లు ఎక్కువ. చేప నూనె కూడా నూనేనని మర్చిపోకండి. గ్రాముకి తొమ్మిది కేలరీలు తిండి లెక్కలో కలుస్తాయి. నెల బడ్జెట్‌లో పౌడర్ డబ్బాకో రక్తపరీక్షకో ఒక్కదానికే డబ్బుంటే, రెండోది చేయించండి.

నెలకో ఇంజెక్షన్ గురించి ఈ మధ్య బాగా అడుగుతున్నారు. దాని మందు పేరు బెడిన్‌వెట్‌మాబ్. నొప్పి సంకేతాన్ని మోసే నరాల పెరుగుదల ప్రొటీన్‌ని అది పట్టి ఆపుతుంది. యూరప్‌లో 2020లో, అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. కిడ్నీలు, కాలేయం మీద మాత్రలంత భారం వేయదు, రోజూ మాత్ర మింగించే పనీ ఉండదు. మాత్రలు పడని కుక్కల్లో కొన్ని దీంతో బాగా తిరుగుతున్నాయి. అయితే 2024 డిసెంబరులో అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ పశువైద్యులకి రాసిన లేఖలో తూలిపోవడం, మూర్ఛ, లేవలేకపోవడం లాంటి దుష్ఫలితాలు తన దృష్టికి వచ్చాయని హెచ్చరించింది. అంతమాత్రాన వద్దనను. మాత్రలు పడని కుక్కకి, నరాల జబ్బేదీ లేదని పరీక్ష చేయించుకున్నాక, వేయించిన తర్వాత నడకని కనిపెట్టుకుని ఉండగలిగిన ఇంట్లో మంచి దారే. మొదటి ఎంపికగా మాత్రం నేను దాని దగ్గరికి వెళ్లను.

ఇప్పుడు బరువు. నా మొగ్గు ఇటే, దాచను. పైన చెప్పిన మందులు నొప్పినో వాపునో అణిచేవి. బరువు తగ్గిస్తే ఆ నొప్పి పుట్టే చోటే భారం తగ్గుతుంది. కొవ్వు ఊరికే మోసే బరువు కూడా కాదు, వాపుని పెంచే రసాయనాలని అది రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. బరువైన కుక్కకి కీళ్లు రెండు రకాలా నష్టపోతాయి.

దీనికి నాకు తెలిసినంతలో బలమైన రుజువు 48 లాబ్రడార్లది. పిల్లలుగా ఉన్నప్పుడే తోబుట్టువుల్ని జంటలు కట్టి, ఒకదానికి రెండోదానికంటే పావు వంతు తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. ఫలితాలు 2002లో వచ్చాయి. తక్కువ తిన్నవి మధ్యస్థంగా 13 ఏళ్లు బతికితే, రెండోవి 11.2 ఏళ్లు బతికాయి. కీళ్ల నొప్పికి మందు మొదలుపెట్టాల్సిన వయసు కూడా సన్నగా ఉన్నవాటిలో సుమారు మూడేళ్లు వెనక్కి జరిగింది. ఇప్పటికే కుంటుతున్న బరువైన కుక్కల మీద జరిగిన వేరే అధ్యయనంలో ఒంటి బరువులో ఆరు శాతం తగ్గేసరికే కుంటు తగ్గడం కనిపించింది. 36 కిలోల కుక్కకి అది రెండు కిలోల పైచిలుకు, అంతే. రెండు కిలోలు తగ్గితే ఏ పౌడరూ చేయలేని పని జరుగుతోందంటే ఎందుకు ప్రయత్నించం?

ఎందుకంటే మనిళ్లలో అది మందు కన్నా కష్టం. బుజ్జికి కొలిచి పెట్టడం మొదలుపెట్టిన రోజు మా అమ్మ అన్న మాట: "ముసలిదాని నోరు కట్టేస్తావుటే, పాపం!" కంచంలో తిండిది పెద్ద సమస్య కాదు. నాన్నగారు కాఫీతో బిస్కెట్ తింటూ దానికి రెండు పెడతారు, సాయంత్రం మళ్లీ రెండు, పిల్లలు స్కూలు నుంచి వచ్చాక ఇంకో రెండు. గ్లూకోజ్ బిస్కెట్ ఒక్కోటీ పాతిక కేలరీల దాకా ఉంటుంది. ఆరింటికి నూట యాభై. 28 కిలోలకి దిగాల్సిన లాబ్రడార్‌కి రోజంతటికీ సుమారు 850 కేలరీలు చాలు. అంటే దాని తిండిలో ఆరో వంతు బిస్కెట్లలోనే అయిపోయింది. గిన్నెలో మిగిలిన పెరుగన్నం ముద్ద, దోసె అంచు ఇంకా లెక్కకి రాలేదు.

ఇంట్లో వాళ్లని పెట్టొద్దంటే ఎవరూ వినరు, వినాలని కోరడమూ న్యాయం కాదు. ఆ పెట్టడంలోనే వాళ్ల ప్రేమ ఉంది. అందుకని పొద్దున్నే ఒక స్టీలు డబ్బాలో కీరదోస, క్యారెట్, ఉప్పు లేకుండా ఉడికించిన బీన్స్ ముక్కలు కోసి ఫ్రిజ్ మీద పెడుతున్నాను. ఎవరు ఏం పెట్టాలన్నా ఆ డబ్బాలోంచే. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అయిపోయినట్టే. నాన్నగారు కాఫీ తాగుతూ కీరదోస ముక్క అందిస్తే బుజ్జి తోక అదే ఊపు ఊపింది. దానికి కావలసింది ఆయన చెయ్యి, చేతిలో ఏముందన్నది తర్వాత.

అసలు తిండిలో అన్నం తగ్గించి చికెన్, గుడ్డు వాటా పెంచితే కండ తగ్గకుండా కొవ్వు తగ్గుతుంది. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టరుని అడక్కుండా మార్చొద్దు. చేతి అంచనా వద్దు, వంటింటి కాటా మీద గ్రాముల్లో తూచండి. వారానికి ఒంటి బరువులో ఒకటి నుంచి రెండు శాతానికి మించి తగ్గకూడదు. పెద్ద కుక్కని ఎత్తుకుని బాత్రూమ్ మిషన్ మీద నిలబడలేం కదా, డాక్టరు దగ్గరి కాటా దూరమైతే బియ్యం బస్తాలు తూచే కాటా ఉన్న కొట్టుకి తీసుకెళ్లండి. మేం అదే చేస్తున్నాం, కొట్టాయన మాకంటే ముందు అంకె చదువుతాడు. ఇంట్లో చూసుకోవడానికి మీ చెయ్యి చాలు: అరచేయి చాపి వెనకవైపు వేలి ఎముకలు తడిమితే ఎలా తగులుతాయో పక్కటెముకలు అలా తగలాలి. వెతుక్కోవాల్సి వస్తే బరువెక్కువ. ఎంత కట్టడి చేసినా తగ్గకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించండి. లాబ్రడార్ అయితే ఇంకోటి గుర్తుంచుకోండి. వాటిలో సుమారు నాలుగోవంతుకి ఆకలిని పెంచే జన్యులోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అది మీ ప్లేటు వైపు చూసే చూపు నిజమైన ఆకలే, దానికి కోపగించుకోకండి.

బరువు తగ్గించడంలో లోపం ఒకటే, ఆలస్యం. నెలలు పడుతుంది. ఈ రోజు నొప్పితో మూలుగుతున్న కుక్కకి ఆరు నెలల తర్వాతి సుఖం చూపించి ఆగమనడం క్రూరత్వం. అందుకే మాత్రతో మొదలుపెట్టి, నొప్పి తగ్గి నడక కుదిరాక బరువు దించుతూ, ఆపైన డాక్టరుతో మాట్లాడి మోతాదు తగ్గించుకోవచ్చేమో చూడడం నాకు నచ్చిన దారి. బుజ్జికి అదే నడుస్తోంది. నడక కూడా ఆదివారం పూట ఒక్కసారే దూరం వద్దు. రోజూ మూడు నాలుగు సార్లు చిన్నచిన్నగా తిప్పండి.

ఈ నాలుగింట్లో ఏది ఎంచుకున్నా నేల సంగతి తప్పదు. మనిళ్లన్నీ ఇప్పుడు నున్నటి టైల్స్, గ్రానైట్. తుంటి నొప్పి ఉన్న కుక్క వెనక కాళ్లు ఆ నేల మీద పక్కలకి జారిపోతాయి, ఒక్కసారి జారితే లేవడానికే భయపడుతుంది. ఇల్లంతా పరచక్కర్లేదు. పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నెకి, అక్కడి నుంచి గుమ్మానికి రబ్బరు అడుగున్న చాపలు వరసగా వేస్తే చాలు. ఉత్త జంపఖానా వేస్తే అదే జారుతుంది, కింద జాలీ రబ్బరు షీటు వేయండి. తడిగుడ్డ పెట్టిన నేల ఆరేదాకా దాన్ని కదలనివ్వకండి. గోళ్లు నేలకి టకటక తగులుతుంటే కత్తిరించండి, అరికాలి దిమ్మల మధ్య వెంట్రుకలు కూడా.

ఎండాకాలంలో ఒక చిక్కు వస్తుంది. ఎంత మంచి పరుపు కొన్నా అది వదిలేసి చల్లటి టైల్స్ మీదే పడుకుంటుంది. పడుకోనివ్వండి. లేచేటప్పుడు ముందు కాళ్లు ఊనే చోట, వెనక కాళ్లు తన్నే చోట చాప ముక్కలు పెడితే సరిపోతుంది.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. నీళ్లలో నడిపించే ట్రెడ్‌మిల్ ఉన్న ఫిజియోథెరపీ మీకు అందుబాటులో ఉంటే వెళ్లండి, కండ నిలబెట్టడానికి మంచిది. లేజర్, ఆక్యుపంక్చర్ చేయిస్తే మాత్రలకి తోడుగానే, బదులుగా వద్దు. పసుపు మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. మనం రాసుకునే నొప్పి బామ్‌లు అసలే వద్దు, కర్పూరం, మిథైల్ శాలిసిలేట్ ఉంటాయి, నాకితే ప్రమాదం. తుంటి శస్త్రచికిత్స ఎముకల నిపుణుడు తేల్చాల్సిన సంగతి.

మీ కుక్క ఇప్పటికే బక్కగా ఉంటే నేను పైన చెప్పిన వరస మారిపోతుంది. వెన్నెముక కనబడుతూ, తొడలు చిక్కిపోయి కుంటుతున్న కుక్కకి తిండి తగ్గించడం చెరుపు. అది ఎందుకు చిక్కిపోయిందో రక్తపరీక్షలో ముందు తెలుసుకోండి. కిడ్నీ బాగుంటే మాత్ర, బాగోకపోతే ఇంజెక్షన్ ఇవ్వొచ్చేమో డాక్టరుని అడగండి. కిడ్నీ అనుమతించినంత మాంసకృత్తులు పెంచి, చిన్నచిన్న నడకలతో తొడల్లో కండ తిరిగి వచ్చేలా చూడండి.