తెల్లబట్టకు పెరుగా, ప్రోబయోటిక్ క్యాప్సూలా?

"మాత్రలు వాడితే తగ్గింది డాక్టరుగారూ, నెల తిరక్కముందే మళ్ళీ అదే నీచు వాసన. ఈసారి మందులు మానేసి ప్రోబయోటిక్ వేసుకోనా?" నా ఓపీలో వారానికి రెండు మూడుసార్లు వినే మాట ఇది.

తెల్లబట్ట నీచు వాసనతో పల్చగా అయితే అది బ్యాక్టీరియల్ వెజినోసిస్, అంటే యోనిలోని బ్యాక్టీరియా సమతూకం తప్పడం. విరిగిన పాలలా గడ్డలుగా, దురదతో వచ్చేది ఈస్ట్ అనే ఫంగస్ వల్ల. ఈస్ట్ విషయంలో ప్రోబయోటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా ఉన్నది) మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. 2004లో ఆస్ట్రేలియాలో యాంటీబయోటిక్ వాడుతున్న స్త్రీలకు లాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే బ్యాక్టీరియాను నోటితోనూ ఇచ్చారు, యోనిలోనూ పెట్టించారు. ఈస్ట్ రావడం ఆగలేదు.

వెజినోసిస్ కథ వేరు. ఇక్కడ పెరుగా, క్యాప్సూలా అన్నదానికంటే అందులో ఏ బ్యాక్టీరియా ఉందన్నదే నేను చూస్తాను. యోనికి కాపలా కాసేవాటిలో మేటి లాక్టోబాసిల్లస్ క్రిస్పేటస్. లాక్టిక్ యాసిడ్ తయారుచేసి పీహెచ్‌ను (పులుపును కొలిచే అంకె, తగ్గితే పులుపు ఎక్కువ) 4.5 దాటనివ్వదు. రాత్రి మనం తోడేసే పెరుగులోవి పాలకు అలవాటుపడ్డ జాతులు, అవి అక్కడ కాపురం పెట్టవు. పెరుగన్నం కడుపునిండా తినండి, లోపల మాత్రం రాయకండి. (వెల్లుల్లి రెబ్బ పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. వద్దు తల్లీ!)

మింగే క్యాప్సూల్ డబ్బా మీద బిలియన్ల లెక్క పెద్దక్షరాల్లో ఉంటుంది, బ్యాక్టీరియా పేర్లు వెనకాల చీమల బారులా ఉంటాయి. తిప్పి చదవండి: ఎక్కువగా రామ్నోసస్, రూటెరి, అసిడోఫిలస్. వీటి మీద ఫలితాలు ఒక్కో అధ్యయనంలో ఒక్కోలా వచ్చాయి. హాని తక్కువే, పర్సుకే బరువు.

నా మొగ్గు మందు తర్వాత యోనిలో పెట్టే క్రిస్పేటస్ వైపు. 2020లో వెలువడిన అమెరికా పరిశోధనలో 228 మందికి ముందు మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ జెల్ ఇచ్చి, ఆ తర్వాత కొందరికి క్రిస్పేటస్ పొడి, మిగతావాళ్ళకు ఉత్తుత్తి పొడి 11 వారాలు పెట్టించారు. 12 వారాలకు జబ్బు తిరగబెట్టింది క్రిస్పేటస్ వాళ్ళలో 30 శాతానికి, మిగతావాళ్ళలో 45 శాతానికి. గమనించారా, మందు ఎవరూ మానలేదు. పైగా అది సీటీవీ-05 అనే ప్రత్యేకమైన స్ట్రెయిన్, అంటే క్రిస్పేటస్‌లోనే ఒక రకం. ఆ అంకెలు షాపులో దొరికే ఏదో ఒక క్యాప్సూల్‌కు అంటగట్టలేం.

మాటిమాటికీ తిరగబెడుతుంటే ఆయనగారినీ వెంటబెట్టుకు రండి. భర్తకు కూడా మాత్రలు, పూత మందు ఇస్తే భార్యకు తిరగబెట్టడం బాగా తగ్గిందని 2025లో ఆస్ట్రేలియా నుంచే తేలింది. అలా పిలిస్తే వచ్చేది పదిమందిలో ఇద్దరు ముగ్గురే, వాళ్ళు కూడా కారిడార్‌లో ఫోన్ చూసుకుంటూ నిలబడతారు.