స్లిమ్‌లైన్ పెన్ కిట్: గొట్టాలు బాగున్నాయి, క్లిప్పే బాలేదు

వైజాగ్‌లో లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద చేత్తో పెన్నులు చేసుకునే సరదా ఉన్నవాళ్లు గొట్టాలు, క్లిప్ లాంటి పెన్ను విడిభాగాలుండే ఈ కిట్ ధైర్యంగా కొనొచ్చు. ఇత్తడి గొట్టాలు సరిగ్గా 7 మిల్లీమీటర్లే ఉన్నాయి, ఎపాక్సీ జిగురు పూసి కర్రకు వేసిన రంధ్రంలోకి తోస్తే వదులు లేకుండా కూర్చున్నాయి, రీఫిల్‌ని బయటికి తెచ్చే ట్విస్ట్ కూడా గరగరలాడకుండా తిరుగుతోంది. నేను ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్రే తెచ్చుకున్నా. ఎంత మెత్తనంటే, ఉలి ఆనించగానే పొట్టు సన్నటి రిబ్బన్లలా చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది, చూస్తుంటే లేత్ ఆపబుద్ధి కాదు! కర్రకు బదులు వాడే రెసిన్ (ప్లాస్టిక్ లాంటి దిమ్మె) అలా కాదు, పెళుసు. ఉలి పదును కాస్త తగ్గినా, గట్టిగా నొక్కినా అంచు చిట్లిపోతుంది, కాబట్టి కొత్తవాళ్లు కర్రతోనే మొదలుపెట్టండి. కాకపోతే నీళ్ల కాగితంతో (తడిపి వాడే ఉప్పుకాగితం) ఓపిగ్గా రుద్దితే రెసిన్‌కి వచ్చే మెరుపే వేరు. ఇంకోటి, మనది సముద్రపు గాలి, కర్ర పూర్తిగా ఆరకుండా పెన్ను చేస్తే తర్వాత పగుళ్లొస్తాయి.

నచ్చనిదల్లా క్లిప్ మీద బంగారు పూత. ఎక్కువ వాడకుండానే మసకబారింది, అమ్మినవాళ్లకు ఫోటోలు పంపినా ఉలుకూ పలుకూ లేదు. క్రోమ్ పూతది దొరికితే అదే తీసుకోండి.