పదిహేనేళ్లు దాటిన ఇన్నోవా: దీనికి కొత్త టెక్నాలజీ ఎంతవరకు కావాలి?

మా ఇంట్లో ఉన్నది 2010 మోడల్ టయోటా ఇన్నోవా. 2.5 లీటర్ల డీజిల్ ఇంజన్, అయిదు గేర్లు, ఎనిమిది సీట్లు, ఏపీ 05 నంబరు. కొత్తగా కొన్నప్పటి నుంచీ మా చేతిలోనే ఉంది. మీటరు మూడున్నర లక్షల కిలోమీటర్లు దాటింది, ఇంజన్ మాత్రం ఇప్పటిదాకా దించలేదు. పదిహేనేళ్ల ఆర్సీ గడువు అయిపోయినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించి, గ్రీన్ టాక్స్ కట్టి, మరో అయిదేళ్లకు రెన్యువల్ చేయించాం. ఈ రెన్యువల్ ఫీజు ఒకప్పుడు 600 రూపాయలే ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి కార్లకు 5,000 చేశారు.

రెన్యువల్ మాట ఎత్తినప్పటి నుంచీ ఇంట్లో ఒకటే చర్చ. ఇంత పాత బండి ఇంకా ఎందుకు, ఇందులో ఏముంది, స్క్రీన్ లేదు, సెన్సర్లు లేవు, ఎయిర్‌బ్యాగులు లేవు అని పిల్లలు అంటారు. వాళ్లు చెప్పిన ఆ జాబితాలో రెండు వేర్వేరు రకాల వస్తువులు కలిసిపోయి ఉన్నాయి. ఇన్నేళ్లు నడిపాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: పాత బండికి మనం బయట షాపులో బిగించుకోగలిగిన ఫీచర్లలో చాలావాటి అవసరం తక్కువ. నిజంగా అవసరమైన వాటిని బిగించుకోవడం కుదరదు.

ముందు ఒక సంగతి. పాత బండి అంటే టెక్నాలజీ లేని బండి అనుకుంటారు. 2005లో టయోటా వాళ్లు తమ పాత మోడల్ క్వాలిస్ ఆపేసి ఇన్నోవా తెచ్చినప్పుడు మా కోనసీమలో చాలామంది దీన్ని అనుమానంగానే చూశారు. మా పెదనాన్నగారికి క్వాలిస్ ఉండేది. ఆయన దృష్టిలో ఇన్నోవా కంప్యూటర్ బండి. ఎక్కువ ఒత్తిడితో డీజిల్ పంపే కామన్ రైల్ పద్ధతి, ఆ డీజిల్‌ను ఇంజన్లోకి చిమ్మే ఇంజెక్టర్లను నడిపే ఈసీయూ అనే చిన్న కంప్యూటర్, ఇవన్నీ అప్పటికి మా షెడ్లకు కొత్త. దారిలో ఆగితే మన మెకానిక్ ఏం చేయలేడనే భయం ఉండేది. ఈ రోజు అదే ఇంజన్‌ను మొండి ఇంజన్ అని మెచ్చుకుంటున్నాం. కాబట్టి ఎలక్ట్రానిక్స్ ఉంటే బండి నిలబడదనే మాటను నేను ఒప్పుకోను. ఆ ఎలక్ట్రానిక్స్ దేనికి పెట్టారు, ఎంత ఓపికగా పరీక్షించి పెట్టారు అన్నదే చూడాలి. ఈ ఇంజన్ 2,494 సీసీలో తీసేది 102 హార్స్‌పవర్ మాత్రమే. ఇప్పటి ఇంజన్లు ఇంతకన్నా చిన్న సైజులో ఇంతకన్నా ఎక్కువ తీస్తున్నాయి. దీని మీద ఒత్తిడి తక్కువ. పైగా అంతా గట్టి ఛాసిస్ మీద కూర్చోబెట్టిన బాడీ. కాలవ గట్ల మీద గుంతల్లో ఇన్నేళ్లు తిరిగినా తలుపులు కొత్తలో పడినట్టే పడుతున్నాయి.

డాష్‌బోర్డులో టీ-బెల్ట్ అని ఒక చిన్న లైటు ఉంది. లక్షా యాభై వేల కిలోమీటర్లకు అది వెలుగుతుంది, టైమింగ్ బెల్ట్ మార్చమని అర్థం. ఆ బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ మొత్తం పోతుంది. బెల్ట్ అరుగుదల బయటికి కనబడదు, శబ్దం కూడా రాదు. డ్రైవర్‌కి తెలిసే దారే లేని ప్రమాదాన్ని ఆ లైటు ముందే చెబుతుంది. ఇలాంటిదే డీజిల్ ఫిల్టర్లో నీరు చేరితే వెలిగే లైటు. వానాకాలంలో ఒకసారి పొలం పని మీద వెళ్తూ దారిలో బంకులో డీజిల్ కొట్టించాక అది వెలిగింది. ఆపి, ఫిల్టర్ అడుగున ఉన్న బిరడా వదులు చేసి నీళ్లు దించేశాం. అది వెలగకపోతే ఇంజెక్టర్లు పాడయ్యేవి, వాటి ఖర్చు ఎంతో ఈ బండి ఉన్నవాళ్లకు తెలుసు. ఒక ఫీచర్‌కి విలువ ఎలా కట్టాలో నాకు నేర్పినవి ఈ రెండు లైట్లే. నేను చూడలేనిది చూపించాలి, మిగతా సమయంలో నా కంటికి అడ్డం రాకూడదు.

రిపేర్ల విషయం కూడా చెప్పాలి. ఒక దశలో ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే ఐడ్లింగ్ పైకీ కిందకీ ఊగేది, ఒక్కోసారి ఇంజన్ ఆగిపోయేది. ఈ ఇంజన్లకు తెలిసిన జబ్బే ఇది. డీజిల్ పంపు మీద ఉండే ఎస్‌సీవీ అనే కంట్రోల్ వాల్వు బలహీనపడుతుంది. షెడ్డులో స్కానర్ పెట్టి చూసి, ఆ వాల్వు మార్చారు, సరిపోయింది. పూర్వం కంప్యూటర్ బండి అని భయపడిన షెడ్లలోనే ఇప్పుడు స్కానర్ ఉంది. ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, వెనక ఏసీ గ్యాస్ లీకు, ఇవన్నీ వయసుతో వచ్చేవే. సముద్రం పక్కనున్న మా ప్రాంతంలో అసలు శత్రువు తుప్పు. అంతర్వేది, ఓడలరేవు వైపు వెళ్లొచ్చాక బండి అడుగు భాగం మంచినీళ్లతో కడిగించడం మాకు అలవాటు. ఈ పని వదిలేసిన వాళ్ల బండ్లు ఇంజన్ బాగుండగానే బాడీ పోయి అమ్ముడుపోయాయి.

ఇక మేం తర్వాత బిగించినవి. మా అన్నయ్య కొడుకు పట్టుబట్టి ఆండ్రాయిడ్ స్క్రీన్, దానితో పాటు వెనక కెమెరా పెట్టించాడు. మొదటి నెలలోనే పొద్దున్నే సెల్ఫ్ కొడితే బ్యాటరీ డౌన్. ఆటో ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి చూస్తే, తాళం తీసేశాక కూడా స్క్రీన్‌కి కరెంటు వెళ్తూనే ఉంది. ఫిట్ చేసినవాళ్లు అసలు వైరింగ్ కోసి, దొరికిన తీగకు కలిపేశారు. వైరింగ్ సరిచేయించాక ఆ ఇబ్బంది పోయింది. స్క్రీన్ మాత్రం రెండు మూడేళ్లకే నెమ్మదించింది. మ్యాప్ తెరుచుకునే లోపు జంక్షన్ దాటిపోతాం. ఫోన్‌కి హోల్డర్ పెట్టుకుంటే ఇదే పని ఇంతకన్నా బాగా అవుతోంది. ఫోన్ ఎలాగూ మారుస్తూ ఉంటాం, బండి జోలికి వెళ్లక్కర్లేదు.

ఇక్కడే నాకు కొత్త బండ్ల గురించి గట్టి అభ్యంతరం ఉంది. ఛాసిస్ ఇరవై ఏళ్లు ఉంటుంది, స్క్రీన్ సెల్‌ఫోన్ అంత కాలం ఉంటుంది. ఆ రెండింటినీ విడదీయలేకుండా కలిపేస్తే ఇరవై ఏళ్ల వస్తువుకి కూడా అయిదారేళ్ల ఆయుష్షే మిగులుతుంది. మా బండిలో స్క్రీన్ పీకేసినా ఏసీ తిరుగుతుంది, హెడ్‌లైట్ వెలుగుతుంది, ఏదీ ఆగదు. మా అల్లుడి కొత్త కారులో ఏసీ గాలి ఎక్కువ చేయాలన్నా స్క్రీన్ లోపలికే వెళ్లాలి. నడుపుతూ ఆ పని చేయాలంటే రోడ్డు మీద నుంచి చూపు తిప్పాల్సిందే. ఇది పాతకాలం వాడి చాదస్తం కాదు. యూరప్‌లో కార్లకు భద్రతా స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి తన నిబంధనలు మార్చింది. ఇండికేటర్లు, హారన్, వైపర్లు, హజార్డ్ లైట్లు, అత్యవసర కాల్, వీటికి చేత్తో నొక్కే, తిప్పే మీటలు లేకపోతే పూర్తి మార్కులు రావు.

కెమెరాను మాత్రం వదులుకోను. ఇన్నోవా పొడవు నాలుగున్నర మీటర్ల పైన, వెనక అద్దం ఎత్తులో ఉంటుంది. బంపర్ వెనక చిన్నపిల్లవాడు కూర్చుని ఆడుకుంటుంటే ఏ అద్దంలోనూ కనబడడు. మా వీధిలో ఒకవైపు పంట కాలవ, ఇంకోవైపు అరుగులు, మధ్యలో పిల్లలు. పాత బండికి ఒకే ఒక్క కొత్త వస్తువు కొనగలిగితే అది కెమెరానే కొనమంటాను, కుటుంబం ఉన్న ప్రతివారికీ చెబుతాను.

టైర్లలో గాలి చూపించే సెన్సర్లు రెండో స్థానం. టైరు నాజిల్ మూతల స్థానంలో బిగించేవి, డాష్‌బోర్డు మీద చిన్న డిస్‌ప్లే. వైరింగ్ కోయక్కర్లేదు. రాత్రి పూట జాతీయ రహదారి మీద తణుకు దాటాక వెనక టైరులో గాలి మెల్లగా దిగుతోందని అదే చెప్పింది. లోడుతో ఉన్న బండికి ఆ వేగంలో టైరు పేలితే ఏమవుతుందో ఊహించుకోవడం కూడా ఇష్టం లేదు.

ఎల్ఈడీ హెడ్‌లైట్ బల్బులు వేయించి చూశాను, వారంలో తీయించాను. ఈ హెడ్‌లైట్ డూమ్ హలోజన్ బల్బు కోసం చేసింది. అందులో ఎల్ఈడీ పెడితే వెలుతురు చెదిరిపోతుంది. దగ్గర తెల్లగా మెరుస్తుంది గానీ దూరం కనబడదు, ఎదురొచ్చే వాడి కళ్లు మాత్రం మూసుకుపోతాయి. వాటి బదులు పసుపెక్కిన హెడ్‌లైట్ అద్దాలు పాలిష్ చేయించి, రిలే పెట్టించి, మంచి హలోజన్ బల్బులు వేయించాను. తేడా స్పష్టంగా తెలిసింది. ఫాస్టాగ్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్ గేట్ల దగ్గర కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. అద్దానికి స్టిక్కర్ అంటిస్తే చాలు, ఎంత పాత బండికైనా పనిచేస్తుంది.

ఇప్పుడు అసలు కష్టమైన భాగానికి వస్తాను.

అల్లుడి కారులో ఏడాస్ కూడా ఉంది, అంటే ముందున్న అడ్డంకిని చూసి తనే బ్రేకు వేసేది, లైను తప్పితే స్టీరింగ్‌ను సరిచేసేది. ఆ కారు నేనూ చాలా దూరం నడిపాను. 216 హైవే మీద లైన్లు చెరిగిపోయిన చోట దానికి లేన్ దొరకదు. ఊళ్ల దగ్గర డివైడర్ సందులోంచి బైకు అడ్డం వస్తే గట్టిగా బ్రేకు పడుతుంది, వెనకవాడు మన మీదికి వస్తాడేమోనని టెన్షన్. ఆ పనులకు మన రోడ్లు ఇంకా సిద్ధంగా లేవని నా అనుభవం. కానీ అదే కారులో, సిద్ధాంతం వంతెన దగ్గర వానలో ముందు లారీ ఒక్కసారిగా ఆగినప్పుడు, పూర్తిగా బ్రేకు తొక్కి పక్కకు తిప్పితే బండి చెప్పినట్టు విన్నది. చక్రాలు లాక్ కాలేదు, వెనక భాగం జారలేదు. అది ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ చేసిన పని. మా ఇన్నోవాలో ఆ రెండూ లేవు. నేను కొన్నది కింది వేరియంట్. తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రాలు లాక్ అవుతాయి, అప్పుడు స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. అందుకే వానలో దీన్ని వేరే మనిషిలా నడుపుతాను, ముందున్న బండికి రెట్టింపు దూరం వదులుతాను. అయినా నా జాగ్రత్త ఆ పరికరానికి సమానం కాదు.

ఏబీఎస్ కావాలంటే ప్రతి చక్రానికి సెన్సర్, బ్రేక్ ఆయిల్ ఒత్తిడిని సెకనులో ఎన్నోసార్లు వదిలి పట్టే యూనిట్, ఆ బండి బరువుకు తగ్గట్టు చేసిన ప్రోగ్రామ్ ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరుచుకోవాలన్నది ఆ బండి ముందు భాగం ఎలా నలుగుతుందో తెలిసి నిర్ణయించేది. ఇవి ఏ షెడ్డులోనూ బిగించేవి కావు, బిగిస్తామన్నా నమ్మకూడదు. మన దేశంలో ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయ్యాయి. అంటే మా బండి లాంటివి ఎంత గట్టిగా ఉన్నా, ఆ గీతకు ఇవతలే ఉండిపోయాయి. గట్టి బండి అని చాలామంది ధైర్యంగా చెబుతారు. బండి గట్టిగా ఉండటం, లోపలి మనిషి బతకడం ఒకటి కాదు. బాడీ నలగకపోతే దెబ్బ అంతా లోపలి మనిషికే చేరుతుంది.

పొగ సంగతి కూడా దాచను. ఇది బీఎస్3 ఇంజన్, అంటే మన దేశపు పొగ నిబంధనల్లో పాత మెట్టుకు చెందినది. 2020 నుంచి వస్తున్న బీఎస్6 డీజిళ్లతో పోలిస్తే దీని పొగలో మసి చాలా ఎక్కువ. సర్వీసు సరిగ్గా చేయిస్తే కంటికి కనబడదు గానీ లేకుండా పోదు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఇన్నేళ్లుగా ఆంక్షలు నడుస్తున్నది ఇందుకే. హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోజూ తిరిగేవాళ్లు ఇలాంటి బండి ఉంచుకోమని నేను చెప్పను. అయితే బీఎస్6 డీజిల్‌లో మసి పట్టే ఫిల్టర్ శుభ్రం కావాలంటే అప్పుడప్పుడూ ఎక్కువ దూరం, కాస్త వేగంగా నడపాలి. కాలవ గట్టు మీద రెండో గేరులో నాలుగు కిలోమీటర్లు పోయి వచ్చే మా పనులకు ఆ ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. మా ఊళ్లో కొత్త డీజిల్ కొన్నవాళ్లు ఆ వార్నింగ్ లైటుతో అవస్థ పడటం చూస్తున్నాను.

అందుకని ఇంట్లో ఇలా తేల్చుకున్నాం. కొబ్బరి పనులు, పెళ్లిళ్లు, రావులపాలెం, కాకినాడ పగటి ప్రయాణాలు ఇన్నోవాలోనే. పిల్లలతో రాత్రిపూట హైదరాబాద్ ప్రయాణం ఇందులో వద్దు. అల్లుడి కారులో గానీ, రాజమండ్రి వెళ్లి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో గానీ వెళ్తున్నాం. కొత్త ఇన్నోవా ఆన్‌రోడ్ ఇరవై లక్షలు దాటుతుంది. మా వాడకానికి అంత పెట్టడం నాకు సమ్మతం కాదు.

సెకండ్‌హ్యాండ్‌లో పాత ఇన్నోవా వెతుకుతున్నవాళ్లు స్క్రీన్, సీటు కవర్లు చూసి ధర పెంచకండి. మొదట అడుగు భాగం తుప్పు చూడండి, తర్వాత టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. అదే ఏడాది మోడల్‌లో ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్న పై వేరియంట్ దొరికితే, పెయింట్ పాతబడినా, కొంత ఎక్కువ చెప్పినా దాన్నే తీసుకోండి. మా బండికి తర్వాత పెట్టబోయే ఖర్చు నాలుగు మంచి టైర్లు. స్క్రీన్ ఆగిపోయిన రోజు కొత్త స్క్రీన్ కొనను, కెమెరా వరకు పనికొచ్చే చిన్న డిస్‌ప్లే పెట్టిస్తాను.