హీలర్‌గా ఆడేవాళ్లూ, "కొత్త గాయాల సిస్టమ్" ప్యాక్ కొనేముందు ఇది చదవండి

పోయిన నెల నేను ఆడే ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్‌కి ఎక్స్‌పాన్షన్ ప్యాక్ (అసలు గేమ్‌కి తోడుగా విడిగా అమ్మే అదనపు భాగం) ఒకటి కొన్నాను. కొనడానికి కారణం ఒక్కటే. "గాయాలు, వైద్యం పూర్తిగా మార్చేశాం, ఇక హీలర్ లేనిదే అడుగు ముందుకు పడదు" అని ప్రకటనలో రాశారు. మూడేళ్లుగా హీలర్‌గానే, అంటే జట్టులో దెబ్బ తిన్నవాళ్లని మాన్పే పాత్రతోనే ఆడుతున్నవాణ్ణి, ఆ మాట చదివాక ఆగలేకపోయాను. ట్రైలర్‌లో ఒక అమ్మాయి చలిమంట పక్కన కూర్చుని తోటి యోధుడి భుజానికి కట్టు కడుతూ ఉంటుంది. నాకు కావలసింది అదే అనుకున్నాను. డబ్బు పోయింది, రిఫండ్ రాలేదు. గేమ్ పేరు రాయడం లేదు. ఈ పద్ధతిని గుర్తుపట్టడం తెలిస్తే ఏ గేమ్‌లో ఎదురైనా మీరు జాగ్రత్త పడగలరు.

మొదటి ఐదారు గంటలు నిజంగానే బాగుంది. చర్మం గీరుకుపోవడం, రక్తం కారడం, కాలు బెణకడం, ఇలా ఒక్కో గాయానికి ఒక్కో మందు. అడవిలో ఆకులు ఏరుకొచ్చి లేపనం నూరాలి. ముందు రక్తం ఆపి, ఆ తర్వాతే కట్టు కట్టాలి. వరస తప్పితే గాయం మళ్లీ తెరుచుకుంటుంది. హెల్త్ బార్ (ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత) తగ్గినప్పుడల్లా ఒకే స్పెల్ (మంత్రం) నొక్కుతూ కూర్చునే పాత హీలింగ్‌తో పోలిస్తే ఎంతో నయం. ఆ ఉత్సాహంలో మా గిల్డ్‌లో, అంటే కలిసి ఆడే మా బృందంలో, ఇంకో ఇద్దరి చేత కూడా కొనిపించాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

రెండో ప్రాంతంలోకి వెళ్లాక అసలు విషయం బయటపడింది. డంజన్ (రాక్షసులుండే గుహ లాంటి చోటు) చివర్లో రాక్షసుడు గదతో కొడితే, ముందు నిలబడి దెబ్బలు కాచుకునే మా ట్యాంక్ ఎగిరి గోడకి గుద్దుకున్నాడు. హెల్త్ సగానికి పైనే ఉంది, కానీ పేరు పక్కన విరిగిన ఎముక బొమ్మ వచ్చింది. "రేయ్, హీల్ వెయ్యరా, డాలు ఎత్తలేకపోతున్నా" అంటున్నాడు హెడ్‌సెట్‌లో. స్పెల్ వేశాను. కట్టు కట్టాను. లేపనం రాశాను. ఏం చేసినా తెర మీద ఒకటే మాట: "ఈ గాయం మీ వైద్యానికి లొంగదు." ఎముక బొమ్మ మీద కర్సర్ పెడితే 7:59:12 అని కనిపించింది, చూస్తుండగానే 11, 10, 9. అవి ఆటలోని గంటలు కావు, మన గోడ గడియారంలోని గంటలు. దాని కింద మెరుస్తున్న బటన్, "ఇప్పుడే నయం చేయి" అని. నొక్కితే నేరుగా షాప్ తెరుచుకుంది. ఆ ఎముకని మాన్పే సర్జరీ కిట్ జెమ్స్‌తోనే (షాప్‌లో చెల్లే ఆటలోని డబ్బు) వస్తుంది, జెమ్స్ నిజం డబ్బుతోనే వస్తాయి. పైగా ఒక కిట్‌కి కావలసినన్ని జెమ్స్ చిన్న ప్యాక్‌లో ఉండవు, కొద్దిలో తక్కువ పడతాయి. పెద్ద ప్యాక్ కొనక తప్పదు.

నలుగురు ఎదురుచూస్తుంటే ఎనిమిది గంటలు ఆగమని ఎవరంటారు? అతను కిట్ కొన్నాడు. ఆ వారంలో నేనూ రెండు కొన్నాను. అంటే ఆ ప్యాక్‌లో అసలైన హీలర్ షాపే. నేను నూరిన లేపనాలన్నీ చిన్నా చితకా గీతలకే పనికొస్తాయి.

రిఫండ్ అడిగాను. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఉదాహరణకి కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ షాప్ స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే రిఫండ్ అడగొచ్చు. ఇలాంటి అదనపు ప్యాక్ అయితే, అది కొన్న తర్వాత అసలు గేమ్‌ని 2 గంటల కంటే తక్కువ ఆడి ఉండాలి. నేను కొన్న చోట కూడా దాదాపు ఇదే రూల్. ఎముకలు విరగడం మొదలయ్యేది ఆరో గంటలో. షాప్ సంగతి తెలిసే సమయానికి రిఫండ్ దారి ఎప్పుడో మూసుకుపోయి ఉంటుంది. వాడేసిన కిట్ల డబ్బు గురించి అడిగితే, వాడిన వస్తువుకి రిఫండ్ ఉండదని రెండు ముక్కల్లో జవాబు పంపారు. పుండు మీద కారం చల్లినట్టే అనిపించింది.

గాయాలు కష్టంగా ఉండటం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కష్టంగానే ఉండాలి. ఎస్కేప్ ఫ్రమ్ టార్కోవ్ షూటింగ్ గేమే అయినా గాయాల విషయంలో చూడదగ్గది. అందులో మొత్తం 440 హెల్త్‌ని ఏడు శరీర భాగాలకి పంచారు: తలకి 35, ఛాతీకి 85, కడుపుకి 70, ఒక్కో చేతికి 60, ఒక్కో కాలికి 65. కాలు విరిగితే పరుగెత్తలేం, కానీ నొప్పి మందు వేసుకుంటే కాసేపు నెట్టుకురావచ్చు, స్ప్లింట్ (విరిగిన ఎముకకి కట్టే బద్ద) ఉంటే అక్కడికక్కడే కట్టుకోవచ్చు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే రోల్ ప్లేయింగ్ గేమ్‌లో చనిపోయాక స్పిరిట్ హీలర్ (శ్మశానంలో నిలబడి మనల్ని బతికించే ఆత్మ) దగ్గరే లేస్తే శక్తులు 75 శాతం పడిపోతాయి, అది గరిష్ఠంగా 10 నిమిషాలే. అది వద్దనుకుంటే దెయ్యం రూపంలో నడుచుకుంటూ మన శవం దగ్గరికి వెళ్లి లేవొచ్చు. రెండింట్లోనూ దెబ్బ తిన్నవాడి చేతిలో ఏదో ఒక దారి మిగిలే ఉంటుంది. నేను కొన్న ప్యాక్‌లో అలా మిగిలే దారి పర్సు ఒక్కటే. పైగా చెయ్యి విరిగినవాడు బలహీనపడతాడు, బలహీనపడ్డవాడికి ఇంకో దెబ్బ తగులుతుంది, దానికి ఇంకో టైమర్. ఆ సుడిలో పడితే హీలర్ చూస్తూ నిలబడాల్సిందే.

అందుకని ఇలాంటి ప్యాక్ ఏది కొనాలన్నా ముందు గేమ్‌లోని షాప్ తెరిచి చూడండి. గాయాలు తక్షణం మాన్పే వస్తువు నిజం డబ్బుకి అమ్ముతున్నారంటే అక్కడే ఆగిపోవడం మంచిది. ట్రైలర్లూ, మొదటి గంట వీడియోలూ నమ్మొద్దు. పది గంటలైనా ఆడినవాళ్ల వీడియో వెతకండి, అందులో పెద్ద గాయం తగిలాక వాళ్లేం చేస్తున్నారో చూడండి. హీలర్‌గా ఆడుతున్నవాళ్లు ఎవరైనా తెలిస్తే ఒక్క ప్రశ్న అడగండి: "నువ్వు మాన్పలేని గాయం ఏదైనా ఉందా, ఉంటే దాన్ని ఎవరు మాన్పుతారు?" టైమర్ ఉందంటే, అది ఆటలో గడిచే సమయమా, బయట గడిచే సమయమా కూడా కనుక్కోండి.

ఇప్పటికే కొన్నవాళ్లు కిట్లు మాత్రం కొనకండి. ఎముక విరిగిన పాత్రని పక్కన పెట్టి రెండో పాత్రతో ఆడుకోండి, మేం ఇప్పుడు అదే చేస్తున్నాం. "హీలర్ లేనిదే అడుగు ముందుకు పడదు" అన్న ఆ ప్రకటన, గాయం లొంగదన్న మెసేజ్, రెండింటి స్క్రీన్‌షాట్లూ రసీదుతో కలిపి దాచుకోండి. నేను మూడూ జత చేసి ఇంకోసారి ఫిర్యాదు పెట్టాను. ఏ జవాబు వచ్చినా ఇక్కడే కింద రాస్తాను.