శుక్రవారం రాత్రులు, ఒక మైకు సంచి, టెక్సాస్ ఊళ్ళు

ఆగస్టు ఆఖరి వారం వచ్చిందంటే శుక్రవారం భోజనాల పిలుపులన్నిటికీ మా ఆవిడ ఒకటే జవాబు చెబుతుంది: "పిల్లలూ నేనూ వస్తామండీ, ఆయన ఆటకి పోతారు." కొత్తగా పరిచయమైనవాళ్ళు నేనేదో క్రికెట్ లీగులో ఆడుతున్నానేమో అనుకుంటారు. నా పొట్ట చూశాక ఆ అనుమానం పోతుంది.

మాది డాలస్‌కి ఉత్తరాన గంట ప్రయాణంలో ఉన్న చిన్న ఊరు. వారమంతా సాఫ్ట్‌వేర్ పని, శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటితే ఊరి రేడియో స్టేషన్‌కి చేదోడు. మా హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఎక్కడ ఆడితే అక్కడికి వెళ్ళి, వ్యాఖ్యానం చెప్పే పెద్దాయన పక్కన కూర్చుంటాను. ఎదురుగా ఒక అట్ట, దాని మీద రెండు జట్ల పిల్లల పేర్లు, నంబర్లు. బంతి ఎవరు పట్టారో, ఎవరు పడగొట్టారో ఆ పేరు మీద వేలు పెట్టి చూపించాలి. ఈ పనిని స్పాటర్ అంటారు. బండి తోలడం, వైర్లు చుట్టడం, బ్యాటరీలు చూసుకోవడం కూడా నావే. జీతం అంటే పెట్రోలు డబ్బులు, ఏడాదికో టోపీ.

పెద్దాయన ఆ స్కూల్లోనే చరిత్ర పాఠం చెప్పి, జట్టుకి శిక్షణ ఇచ్చిన మనిషి. రిటైరై పదిహేనేళ్ళయినా ఊరంతా ఆయన్ని కోచ్ అనే పిలుస్తుంది, మన దగ్గర మాస్టారు ఎప్పటికీ మాస్టారే అయినట్టు. నేనూ అదే పిలుపు.

ఈ కాలంలో కూడా రేడియో ఏమిటని మనవాళ్ళు అడుగుతుంటారు. టెక్సాస్ స్కూలు ఆటలన్నిటినీ నడిపే యూఐఎల్ సంస్థ శుక్రవారం రాత్రి మ్యాచ్‌లను టీవీలో లైవ్ చూపించడాన్ని చాలా ఏళ్ళుగా ఒప్పుకోలేదు. లైవ్ పెడితే టికెట్ కొని గ్యాలరీకి వచ్చేవాడు ఇంట్లో కూర్చుంటాడని భయం. 2020లో కోవిడ్ వచ్చాక తప్పక సడలించారు. ఇంకా ముందు, 1961లోనే ఒక దేశ చట్టం వచ్చింది: ఆట సీజన్లో శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక, శనివారం రోజంతా, స్కూలు, కాలేజీ ఆటలు జరిగే చోటికి 75 మైళ్ళ లోపలి స్టేషన్ల నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ (దేశపు వృత్తి ఫుట్‌బాల్ లీగు) వాళ్ళు తమ మ్యాచ్ టీవీలో వేస్తే, జట్లన్నీ కలిసి ప్రసార హక్కులు అమ్ముకోవడానికి ఆ చట్టం ఇచ్చే రక్షణ పోతుంది. కోట్లు పండే ఆట కూడా శుక్రవారం రాత్రిని బడిపిల్లలకు వదిలేసిందన్నమాట. అందుకే ట్రాక్టర్ మీదున్న రైతుకీ, నైట్ డ్యూటీలో ఉన్న నర్సుకీ మా కోచ్ గొంతే గ్యాలరీ.

ఇన్నేళ్ళు తిరిగాక నాకు ఊళ్ళని తూచే లెక్క ఒకటి వచ్చింది. స్విమ్మింగ్ పూల్ ఉందా, అల్పాహారం ఉచితమా అన్నవి నాకు అక్కర్లేదు. ప్రెస్ బాక్సులో, అంటే గ్యాలరీ పైన వ్యాఖ్యాతలు కూర్చునే గదిలో, ఇద్దరికి చోటుందా, ప్లగ్గు పనిచేస్తుందా, మెట్లెన్ని, బాత్రూముకి పోయి రెండు నిమిషాల్లో రాగలమా, పదిన్నర దాటాక ఊళ్ళో తినడానికి ఏమైనా దొరుకుతుందా. ఇంతే.

ముందు ఘనమైన చోట్లు చెప్పేస్తాను. ఆలెన్‌లో హైస్కూలు స్టేడియం 18 వేల సీట్లది, సుమారు 6 కోట్ల డాలర్లతో 2012లో తెరిచారు. రెండేళ్ళు తిరక్కుండానే కాంక్రీటు పగుళ్ళిచ్చి మూసేసి, 2015లో మళ్ళీ తెరిచారు. స్కూలు పిల్లల ఆటకి ఇంత మేడ ఏమిటని మొదటిసారి నోరు తెరిచాను. ఫ్రిస్కోలో ఫోర్డ్ సెంటర్ ఇంకో అడుగు ముందు: 12 వేల సీట్లు, పైన కప్పు, ఏసీ, ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు డాలస్ కౌబాయ్స్ సాధన చేసే మైదానం మీదే ఊరి హైస్కూళ్ళూ ఆడతాయి. లిఫ్ట్‌లో పైకి పోతాం, కుర్చీలు మెత్తన, ఇంటర్నెట్ ఎప్పుడూ తెగలేదు. అయినా నాకు అక్కడ ఏదో వెలితి. అద్దం వెనక కూర్చుంటే ఆట చేపల తొట్టిలా కనిపిస్తుంది. జనం అరుపు పట్టే మైకుని ఎక్కడ వేలాడదీసినా ఏసీ హోరు దాన్ని మింగేస్తుంది. నా లెక్కలో సదుపాయాలకి పదికి తొమ్మిది, మిగతాదానికి ఐదు.

ఆ శివారు ఊళ్ళతో ఆడినప్పుడు మాత్రం నాకు గిరాకీ. అక్కడ మన పిల్లలు ఉంటారు, బ్యాండులో ఎక్కువ, జట్టులో ఒకరో ఇద్దరో. ఒకసారి అవతలి జట్టులో బంతిని కాలితో తన్నే కుర్రాడిది పదకొండక్షరాల తెలుగు ఇంటిపేరు. కోచ్ ఆ అట్టని నా ముందుకు తోసి, "ఇదెలా పలకాలో నువ్వే చెప్పాలి" అన్నాడు. కారులో ఇరవై మైళ్ళు ముక్కలు ముక్కలుగా పలికించాను. చివరి 'టి' దగ్గర నాలుక తిరక్క ఆయన పడ్డ పాట్లు చూడాలి. ఆ రాత్రి కుర్రాడు మూడు కిక్కులు కొట్టాడు, మూడుసార్లూ పేరు తప్పుపోలేదు. ఆట అయ్యాక వాళ్ళ నాన్నగారు వెతుక్కుంటూ పైకొచ్చి కోచ్ చేతులు పట్టుకున్నారు. "మా ఇంటిపేరు ఇంత బాగా ఎవరూ పలకలేదండీ" అని నాతో తెలుగులో అన్నారు. వాళ్ళది తెనాలి దగ్గర.

ఇక చిన్న ఊళ్ళు. మా జట్టుకి ఆట లేని వారం వస్తే కోచ్ నన్ను సిక్స్‌మ్యాన్ ఆట చూపించడానికి తీసుకెళతాడు. పదకొండు మంది పిల్లలు దొరకని బడుల కోసం 1934లో నెబ్రాస్కాలో స్టీఫెన్ ఎప్లర్ అనే ఉపాధ్యాయుడు మొదలుపెట్టిన ఆట ఇది. జట్టుకి ఆరుగురు, మైదానం పొడవు వంద గజాలకి బదులు ఎనభై, వెడల్పు నలభై. సగం ఆట అయ్యాక ఎప్పుడైనా 45 పాయింట్ల తేడా వస్తే అక్కడితో ఆపేస్తారు. ఎవరైనా బంతి అందుకోవచ్చు కాబట్టి స్పాటర్‌కి పట్టపగలే చుక్కలు.

స్ట్రాన్ అని ఐ-20 హైవే పక్కన చిన్న ఊరు, ఈ ఆటకి పేరున్న చోటు. అక్కడ మేరీస్ కఫేకి దూరాల నుంచి జనం వస్తారు. చికెన్ ఫ్రైడ్ స్టేక్ అని మెనూలో చూసి, హమ్మయ్య కోడే కదా అని చెప్పబోయాను. కోచ్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అది గొడ్డుమాంసమట, కోడిని వేయించినట్టు పిండి పట్టించి వేయిస్తారు కాబట్టి ఆ పేరు. టెక్సాస్‌కి కొత్తగా వచ్చే మనవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. ఉల్లిపాయ వేపుళ్ళు, బంగాళాదుంపలతో కడుపు నింపుకున్నాను. ప్లేటు మాత్రం మన పెళ్ళి విస్తరంత ఉంది.

తిండి విషయం వచ్చింది కాబట్టి: గేట్ దగ్గర పిల్లల తల్లిదండ్రులు నడిపే కన్సెషన్ స్టాండులో, అంటే చిరుతిళ్ళ కొట్టులో, ఫ్రీటో పై అమ్ముతారు, చిప్స్ పాకెట్ కోసి అందులోనే మాంసం కూర, చీజ్ పోసి చెంచా గుచ్చి ఇస్తారు. కూర వద్దు, చీజ్, హాలపీన్యో మిరప ముక్కలు చాలంటే నవ్వి ముక్కలు రెట్టింపు వేస్తారు. రాత్రి పదిన్నర తర్వాత చాలా ఊళ్ళలో డెయిరీ క్వీన్ దీపాలు ఆరిపోయి ఉంటాయి. పెద్ద రోడ్డెక్కితే వాటబర్గర్ ఉంటుంది. వేకో వైపు పోతే వెస్ట్ అనే ఊళ్ళో చెక్ స్టాప్ దగ్గర ఆగకుండా రాకండి. అక్కడ కొలాచీలు, అంటే మెత్తని బన్ను మధ్యలో పండు గుజ్జు. ఏప్రికాట్‌ది తీసుకోండి. బకీస్ అనే హైవే పెట్రోలు బంకు దుకాణాల గురించి ఎంతోమంది రాశారు, డెంటన్‌లో ఉన్నదాని మరుగుదొడ్లు మన ఇంటి పూజగదంత శుభ్రంగా ఉంటాయని మాత్రం నేనూ సాక్ష్యం చెబుతాను. ఇవన్నీ ఉన్నా నా కూలర్‌లో పులిహోర డబ్బా ఎప్పుడూ ఉంటుంది. కోచ్ మొదట్లో వాసన చూసి వదిలేసేవాడు, ఇప్పుడు వేరుశనగ గుళ్ళన్నీ ఏరుకుని తినేసి మిగతాది నాకిస్తాడు.

ఇదంతా ఒక ఎత్తు, పోయిన ఏడాది అక్టోబరులో 287 హైవే మీది ఒక ఊళ్ళో గడిచిన రాత్రి ఒక ఎత్తు.

ప్రెస్ బాక్స్ అంటే రేకుల డబ్బా, కర్ర మెట్లు. మాకిచ్చిన మూల బల్ల ఒక కాలు పొట్టిది, కింద ఇటుక పెట్టారు. ప్లగ్గు ఒకటే, దానికి కాఫీ మిషను తగిలించి ఉంది. గడియారం చూసే పెద్దమనిషి మమ్మల్ని చూడగానే కాఫీ తీసేసి, "మీకే కావాలిగా" అని తన దగ్గరున్న పొడుగు వైరు ఇచ్చాడు. మా గొంతుని స్టేషన్‌కి చేరవేసే కామ్రెక్స్ పెట్టె పెట్టి స్టేషన్‌తో లైన్ కలిపాను. రెండో క్వార్టర్ సగంలో పడమటి ఆకాశం తెల్లగా వెలిగింది. ఆట ఆగింది.

రూలు ఏమిటంటే మెరుపు కనిపించాక అరగంట ఆగాలి, ఆలోపు మళ్ళీ మెరిస్తే మళ్ళీ మొదటి నుంచి అరగంట. టీవీ అయితే పాత మ్యాచ్ వేసుకుంటుంది. స్టేషన్‌లో ఆ రాత్రి పాట వేసే మనిషి కూడా లేడు. మాటలే దిక్కు. కోచ్ ప్రకటనలు చదివాడు, పశువుల దాణా కొట్టు, బ్యాంకు, ఊళ్ళో శవసంస్కారం చేసేవాళ్ళు. బ్యాండు టీచర్‌ని పిలిచి మాట్లాడించాడు. గంట మారేటప్పుడు స్టేషన్ పేరు, ఊరు చెప్పాడు, అది తప్పకూడదు. ఇరవై ఎనిమిదో నిమిషంలో మళ్ళీ మెరిసింది. గ్యాలరీలో జనం కార్లలోకి పోయి మా రేడియోనే పెట్టుకున్నారట, పార్కింగ్ అంతా మా గొంతు వినిపిస్తోందని మెట్లెక్కి వచ్చిన కుర్రాడు చెప్పాడు. కోచ్ గొంతు బొంగురుపోయింది. అంతలో రెండో హెడ్‌సెట్ నా తలకి తగిలించి, లైవ్‌లోనే అడిగాడు: "మీ ఊళ్ళో పిల్లలు ఏం ఆడేవారు?"

నోరు ఎండిపోయింది. ఆరేళ్ళలో నేను మైకులో మాట్లాడింది లేదు. చటుక్కున కబడ్డీ అన్నాను. ఇక అంతే. సంక్రాంతికి మా పొలాల్లో సున్నం గీతలు గీయడం, ఏడుగురు చేతులు పట్టుకుని నిలబడడం, ఒక్కడు కూత పెట్టి అవతలికి పోవడం, ఎవరినైనా ముట్టుకుని ఊపిరి తెగక ముందే గీత దాటి రావడం. మా ఊరి మైకాయన ప్రతి కూతకీ ఆడేవాడి తాతల కథ కూడా కలిపి చెప్పేవాడని చెప్పాను. కోచ్ పగలబడి నవ్వి, కూత పెట్టి చూపించమన్నాడు. పెట్టాను. రేకుల డబ్బాలో ఉన్న అందరూ తిరిగి చూశారు. స్టేషన్ ఫోన్‌కి మెసేజీలు మొదలయ్యాయి. ఒకరు, ముట్టుకున్నవాడు గీత మీద పడితే అవుటా అని. ఇంకొకరు, ఆడపిల్లలు ఆడతారా అని. ఒక రైతు, నలభై సెకన్లు తన మేనల్లుడు ఊపిరి బిగబట్టాడని. మొత్తం గంటా ఇరవై నిమిషాలు వాన. ఆట మళ్ళీ మొదలయ్యేసరికి కబడ్డీ ఇంకా పూర్తి కాలేదు. మేం పద్నాలుగు పాయింట్లతో ఓడిపోయాం. సామాను సర్దుతుంటే గడియారం పెద్దమనిషి కాఫీ మిషను మళ్ళీ తగిలించి, రెండు గ్లాసులు పోసి ఇచ్చాడు.

ప్రెస్ బాక్సుకి పదికి మూడు. ఊరికి పదికి పది.

రాత్రి బస గురించి కూడా కొంచెం. రెండు గంటల దూరం లోపలైతే ఇంటికే వచ్చేస్తాం, అడివి జింకలు రోడ్డు దాటుతాయి కాబట్టి నెమ్మదిగా. నవంబరులో ప్లేఆఫ్స్, అంటే ఓడితే ఇంటికే అనే ఆటలు, మొదలైతే రెండు జట్లకీ మధ్యలో ఉన్న ఊరు చూసి ఆడతారు, నాలుగు గంటల ప్రయాణాలు తప్పవు. అదే నెల మొదటి శనివారం జింకల వేట సీజను తెరుస్తారు. ఆ రోజుల్లో చిన్న ఊళ్ళలో గది దొరకడం గగనం, దొరికినా రేటు రెట్టింపు. ఒక పేరున్న గొలుసు హోటల్లో ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి, అర్ధరాత్రి వెళితే మా పేరే లేదన్నారు. మైకు సంచి పట్టుకుని వరండాలో నిలబడ్డాం. అక్కణ్ణుంచి మైలు దూరంలో గుజరాతీ వాళ్ళ మోటెల్. ఆంటీ స్వెటర్ మీద చీర కొంగు కప్పుకుని వచ్చి, గదులన్నీ వేటగాళ్ళతో నిండాయని చెప్పి, నా మొహం చూసి, "బేటా, మా అబ్బాయి గది ఉంది, కాలేజీకి పోయాడు" అంది. గోడ మీద క్రికెట్ పోస్టర్లు, మంచం పొట్టిది. పొద్దున్నే అల్లం టీ, థేప్లాలు, అంటే మెంతికూర రొట్టెలు. కోచ్ థేప్లాలు నాలుగు తిన్నాడు. ఆవిడ గదికి డబ్బు తీసుకోలేదు, మేమే బల్ల మీద పెట్టి వచ్చాం.

తిరుగు ప్రయాణంలో కోచ్ మాట్లాడడు, గొంతు దాచుకుంటాడు. కుడికో ఎడమకో వేలు చూపిస్తాడు అంతే. మొన్న రాత్రి ఒంటిగంటన్నరకి ఇంటికి చేరి, వైర్లు ఆరబెట్టి ఫోన్ చూస్తే వచ్చేవారం జట్టు పేర్లు వచ్చి ఉన్నాయి. అరవై రెండు మంది. మొదటి పేరే చెక్ వాళ్ళ ఇంటిపేరు, హల్లులన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. పొద్దున్న ఆ ఊరి రేడియో ఆయనకి ఫోన్ చేసి పలికించుకోవాలి. అట్ట మీద ఆ పేరు పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టి దీపం ఆర్పేశాను.